యుగాంతం కథనాలకు జవాబుదారీ ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

ఎక్కడో ఒక గ్రహశకలం భూమికి లక్షల కిలోమీటర్ల దూరంలో వెళ్లినా, కొన్ని టీవీ ఛానళ్లు ఉరుముల శబ్దాల మధ్య ‘యుగాంతం’ కథనాలు ప్రసారం చేయడం పరిపాటి అయింది. 2012 డిసెంబరు 21న లోకం అంతమవుతుందని మధ్య అమెరికా ప్రాచీన నాగరికత అయిన మాయన్ల క్యాలెండర్ చెప్పిందన్న ప్రచారం ఇందుకు పెద్ద ఉదాహరణ. నిజానికి ఆనాడు జరిగింది, 1,44,000 రోజులకొకటిగా వారు లెక్కించే కాలఖండాలైన బక్తున్‌లలో 13వది పూర్తి కావడమే. మెక్సికోలోని పాలెంకే శాసనంలో క్రీ.శ. 4772 నాటి తేదీ కూడా ఉందంటే, కాలం 2012లో ఆగిపోతుందని మాయన్లు భావించలేదని స్పష్టం. ఆ కథకు అతికించిన, భూమిని ఢీకొంటుందని ప్రచారమైన నిబిరు అనే ఊహాజనిత గ్రహం మొదట 2003లోనే రావలసి ఉండగా, రాకపోయేసరికి తేదీని 2012కు జరిపారు (వాయిదాలు కోర్టులకే పరిమితం కాదన్నమాట!). అంత పెద్ద గ్రహమే వస్తుంటే ఔత్సాహిక ఖగోళ పరిశీలకులు సైతం ముందే చూసి ఉండేవారు. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమికి భయపడి దేశంలో యాగాలు చేయించిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

శాస్త్రవేత్తకు రెండు నిమిషాలు, జోస్యానికి గంట కేటాయించే పద్ధతిని ఛానళ్లు మానుకోవాలి. చెప్పిన తేదీ గడిచిపోయాక, ఏమీ జరగలేదన్న విషయాన్ని అదే వేళలో, అంతే నిడివితో ప్రసారం చేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, తెనాలి