ఇంగ్లీషు ల్యాబ్‌లో విద్యార్థి గొంతు వినిపించాలి

సంపాదకుల వారికి,

నమస్కారం.

చదువు చివరి ఏడాదికి వచ్చిన పిల్లలున్న ఇళ్లలో తరచూ వినే మాట ఒకటి ఉంది. "సబ్జెక్టు బాగానే వచ్చండీ, ఇంగ్లీషు దగ్గరే ఆగిపోతున్నాడు." 26 ఏళ్లు కళాశాలలో ఇంగ్లీషు పాఠం చెప్పి పదవీ విరమణ చేసిన నాకు ఈ మాట వింటే మనసు చివుక్కుమంటుంది. ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు చదువుతూ వచ్చిన పిల్లవాడు ఇరవై ఏళ్ల వయసులో పది వాక్యాలు సొంతంగా మాట్లాడలేకపోతే తప్పు అతనిది కాదు. విశ్వవిద్యాలయాలు ఇంగ్లీషును బోధిస్తున్నాయి, పరీక్షిస్తున్నాయి, మార్కులు వేస్తున్నాయి. మాట్లాడించడం లేదు. ఈ లేఖ ఆ సంగతి గురించే.

కొన్నేళ్ల కిందట ఒక ఇంజినీరింగ్ కళాశాలకు ఇంగ్లీషు ల్యాబ్ పరీక్షకు ఎక్స్‌టర్నల్‌గా, అంటే బయటి పరీక్షకుడిగా వెళ్లాను. ల్యాబ్ శుభ్రంగా ఉంది. వరుసగా కంప్యూటర్లు, వాటికి తగిలించిన హెడ్‌ఫోన్లు. కొన్ని హెడ్‌ఫోన్లకు ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. రికార్డు పుస్తకాలు బల్ల మీద దొంతరగా పేర్చి ఉన్నాయి, ఏది తెరిచినా అవే పేరాలు. విద్యార్థులు ఒక్కొక్కరే వచ్చి తమను తాము పరిచయం చేసుకున్నారు. పేరూ ఊరూ మారాయి గానీ మిగతాదంతా ఒకటే పాఠం. నా బలం పట్టుదల, నా బలహీనత ఎవరినైనా ఇట్టే నమ్మడం, నా లక్ష్యం పేరున్న సంస్థలో చేరడం. ఇరవయ్యో అబ్బాయి దగ్గరికి వచ్చేసరికి మధ్యలో ఆపి, మీ నాన్నగారు ఏం చేస్తారని ఇంగ్లీషులో అడిగాను. ఫార్మర్ అన్నాడు. ఏం పండిస్తారు? కాటన్. ఈ ఏడు పంట ఎలా ఉంది? ఈ మూడో ప్రశ్నకు ఒక్క మాట సరిపోదు, వాక్యం కావాలి. నోరు తెరిచాడు, ఆగాడు, తల దించుకున్నాడు.

తెలుగులో చెప్పు నాయనా అన్నాను. గులాబీ రంగు పురుగు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. పూత మీద విచ్చుకోని గుడ్డి పూలు కనిపిస్తే పురుగు చేరినట్టు ఎలా పోల్చుకోవాలో చెప్పాడు. కాయ పైకి నిండుగానే ఉన్నా లోపల దూది ఎలా పాడవుతుందో, చేలో మగ పురుగులను ఆకర్షించి పట్టే లింగాకర్షక బుట్టలు ఎందుకు పెడతారో చెప్పాడు. నాకు అర్థమైందో లేదోనని మధ్యలో ఆగి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి కాయకు రంధ్రం ఎంత సన్నగా పడుతుందో చూపించాడు. ఐదు నిమిషాలు ఎక్కడా తడుముకోలేదు. విషయం ఉంది, వరుస ఉంది, ఎదుటివాడి మీద దృష్టి ఉంది. లేనిదల్లా ఆ సంగతినే ఇంగ్లీషులో చెప్పి చూసిన అనుభవం. కళాశాలలో చేరిన నాటి నుంచి అలాంటి ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. ఆ ఐదు నిమిషాలకు నా దగ్గరున్న మార్కుల జాబితాలో గడి లేదు.

పాఠ్యప్రణాళికలో లోటు ఉందని నేననను. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఇంజినీరింగ్ కోర్సుల్లో మొదటి ఏడాది ఇంగ్లీషు ల్యాబ్ ఉంది. పై తరగతిలో 'అడ్వాన్స్‌డ్ ఇంగ్లీష్ కమ్యూనికేషన్ స్కిల్స్' పేరుతో మరో ల్యాబ్ కూడా పెట్టారు. బృంద చర్చ, ప్రజెంటేషన్, ఇంటర్వ్యూ, నివేదిక రాయడం, అన్నీ అందులో ఉన్నాయి. ఆలోచించి రాసిన ప్రణాళికే. అయితే 'అడ్వాన్స్‌డ్' అన్న మాటకు ప్రపంచమంతటా ఒక కొలత ఉంది. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన భాషా ప్రమాణాల్లో ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లు ఉన్నాయి. ఉన్నత స్థాయి అంటే అందులో సీ1. మాటల కోసం వెతుక్కోకుండా, చదువులోనూ ఉద్యోగంలోనూ అవసరానికి తగ్గట్టు భాషను వాడగలగడం దాని లక్షణం. ఆ మెట్టు చేరడానికి మొదటి నుంచి లెక్కిస్తే 700 నుంచి 800 గంటల మార్గదర్శక బోధన కావాలని కేంబ్రిడ్జ్ పరీక్షా సంస్థ అంచనా. మధ్య మెట్టయిన బీ1 నుంచి లెక్కించినా ఇంకా దాదాపు 350 గంటలు కావాలి.

ఇప్పుడు మన లెక్క చూడండి. వారానికి 2 గంటల ల్యాబ్, సెమిస్టరుకు 16 వారాలు అనుకుంటే 32 గంటలు. బ్యాచ్‌లో 30 మంది ఉంటే, అధ్యాపకుడు ఒక్క ముక్క మాట్లాడకుండా సమయమంతా పిల్లలకే వదిలేసినా, ఒక్కొక్కరికి వచ్చేది వారానికి 4 నిమిషాలు. సెమిస్టరు మొత్తానికి గంటా నాలుగు నిమిషాలు. సెలవులు, ఇంటర్నల్ పరీక్షలు, హాజరు తీసుకోవడం పోగా మిగిలేది ఇంకెంతో పాఠం చెప్పిన ప్రతి ఒక్కరికీ తెలుసు. సెమిస్టరంతా కలిపి గంటసేపు నీళ్లలో దింపి, ఈత రాలేదేమని పిల్లవాడిని అడుగుతున్నాం.

ఉన్న కొద్ది సమయాన్నీ ఎక్కడ పెడుతున్నాం? ఇంగ్లీషులోని 44 ధ్వనులకు గుర్తులు రాయించి, వాటిని కంఠస్థం చేయిస్తున్నాం. ధ్వనుల పాఠం వద్దని కాదు, అది తెలుగు పిల్లవాడి నోటి దగ్గర మొదలవ్వాలి. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. బస్, బ్యాంక్, కార్ మన నోట పడగానే బస్సు, బ్యాంకు, కారు అయ్యాయి. తెలుగులో అది అందమే. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు మాత్రం ఆ చివరి ఉకారాన్ని వదలడం నేర్పాలి. మరొకటి, మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది, ఇంగ్లీషులో కర్త వెంటే వస్తుంది. తెలుగులో వాక్యం నడుస్తుండగా చివరి మాట తేల్చుకోవచ్చు. ఇంగ్లీషులో రెండో మాటకే ఏం చెప్పబోతున్నామో తేలిపోవాలి. మన పిల్లలు 'ఐ' అనో 'మై ఫాదర్' అనో చెప్పి ఆగిపోవడానికి ఇది పెద్ద కారణమని నా అనుభవం. ఈ ఒక్క సంగతి విడమరిచి చెబితే, తనకు తెలివి తక్కువేమో అని కుంగిపోయే విద్యార్థికి కొండంత ధైర్యం వస్తుంది. ఇంగ్లీషు తరగతిలో తెలుగు వినపడకూడదని బోర్డులు పెట్టే కళాశాలలు ఆ ధైర్యాన్నే మొదట తీసేస్తున్నాయి.

దీనికి వెనుక భయం కూడా ఉంది. వెనక బెంచీలోంచి వచ్చే చిన్న నవ్వు ఒక అమ్మాయిని నాలుగేళ్లు నోరు మూసుకొని కూర్చోబెట్టగలదు. అలాంటి వారిని నేను చూశాను. అరవై మంది ముందు నిలబెట్టి మాట్లాడమంటే ఆ భయం పోదు. ఆరుగురి మధ్య కూర్చోబెడితే మూడో వారానికల్లా పోతుంది.

తెలంగాణ ఇంటర్మీడియట్ బోర్డు 2023-24 నుంచి మొదటి సంవత్సరం ఇంగ్లీషులో 20 మార్కులు ప్రాక్టికల్స్‌కు కేటాయించింది. భాషకు ప్రాక్టికల్స్ ఏమిటని కొందరు అప్పట్లో ఆశ్చర్యపోయారు. నాకైతే చాలా సంతోషం కలిగింది. ఆ పరీక్ష రాసి వచ్చిన పిల్లలు ఇప్పుడు డిగ్రీ, ఇంజినీరింగ్ తరగతుల్లో ఉన్నారు. వారిని మళ్లీ గైడు పుస్తకాల్లోని బట్టీ సమాధానాల దగ్గరికి తోసేయకుండా చూసే బాధ్యత విశ్వవిద్యాలయాలదే.

అందుకే ముందు పరీక్ష మారాలని కోరుతున్నాను. ఏది అడిగితే అదే చదవడం మన విద్యార్థులకు బాగా వచ్చు, దాన్నే మంచికి వాడుకోవచ్చు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ముందుగా చెప్పని విషయం మీద పది నిమిషాలు మాట్లాడించండి. ఊళ్లో చెరువు గురించి కావచ్చు, తాను చేసిన ప్రాజెక్టు గురించి కావచ్చు, నిన్న బస్సులో జరిగిన గొడవ గురించి కావచ్చు. ఆ సంభాషణను రికార్డు చేసి, వేరే కళాశాల అధ్యాపకుడు వినేలా పంపండి. ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో మాట్లాడే భాగం 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది, దాన్నీ రికార్డు చేస్తారు. విదేశాలకు వెళ్లదలచిన విద్యార్థి వేల రూపాయలు కట్టి ఎదుర్కొనే ఆ పరీక్షకు అలవాటు పడే అవకాశం, ఇక్కడే ఉండిపోయే విద్యార్థికి తన కళాశాలలో ఎందుకు ఉండకూడదు?

ఈ పని ఇంగ్లీషు అధ్యాపకుల నెత్తిన మాత్రమే పెడితే జరగదు. రసాయనశాస్త్రం చదివే విద్యార్థి రసాయనశాస్త్రం గురించి మాట్లాడాలి. ప్రతి సబ్జెక్టులో సెమిస్టరుకు ఒకసారి, స్లయిడ్ చూసి చదవకుండా, ఐదు నిమిషాలు వివరించి తోటివారి ప్రశ్నలకు జవాబు చెప్పే ఏర్పాటు ఉంటే, మూడేళ్లలో అలాంటి సందర్భాలు ముప్పై దాకా వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులను ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చారు. మాధ్యమం మారితే భాష దానంతట అదే వస్తుందన్న నమ్మకం సరైంది కాదు. నోట్సు ఇంగ్లీషులో ఉండి, వివరణ తెలుగులో సాగి, పరీక్షలో నోట్సునే తిరిగి రాస్తే, మూడేళ్ల తరవాత కూడా ఆ విద్యార్థి నోట ఒక్క ఇంగ్లీషు వాక్యం సొంతంగా పుట్టి ఉండదు.

అధ్యాపకుల సంగతి కూడా ప్రభుత్వాలు పట్టించుకోవాలి. ఏడాదికొకసారి కొనసాగింపు కోసం ఎదురుచూసే అతిథి అధ్యాపకుడికి నాలుగు సెక్షన్లు అప్పగించి, ఒక్కొక్క విద్యార్థినీ మాట్లాడించమంటే సాధ్యం కాదు. బ్యాచ్ 15 మందికి తగ్గాలి, దానికి తగ్గట్టు పోస్టులు నింపాలి. శిక్షణకు దూరం వెళ్లనవసరం లేదు. ఇంగ్లీషు బోధన కోసమే 1958లో పెట్టిన సంస్థ నేడు ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా హైదరాబాద్‌లోనే ఉంది. మన రెండు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్లు దానితో మాట్లాడి, ఏటా వేసవిలో అధ్యాపకులకు మాట్లాడించే పద్ధతుల మీద తరగతులు పెట్టించాలి.

నా వంతుగా ఒక మాట. నేనుండే పట్టణంలో ఏ ప్రభుత్వ కళాశాల పిలిచినా వారానికి రెండు సాయంత్రాలు వచ్చి, ఆరుగురేసి విద్యార్థులతో కూర్చొని మాట్లాడించడానికి సిద్ధంగా ఉన్నాను. పారితోషికం అక్కర్లేదు, ఒక గది, ఏడు కుర్చీలు చాలు. నాలాంటి విశ్రాంత అధ్యాపకులు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. వారిని పిలవడానికి ప్రిన్సిపాళ్లకు అనుమతి ఇస్తూ విశ్వవిద్యాలయాలు ఒక ఉత్తర్వు జారీ చేస్తే ఈ సెమిస్టరులోనే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లీషు అధ్యాపకుడు,
వరంగల్