పదకొండు, పదహారు, ఇరవై

విజయనగరం,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన మూడు మాటల దొరా,

నీ ఉత్తరం అంది చాలా కాలమైంది. జవాబు ఆలస్యమైనందుకు మన్నించు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి, గుడి పైకప్పు పని ఇంకా తెమలలేదు. ఇక అసలు సంగతి. అది నీతో చెప్పేదాకా నాకు అన్నం సయించేలా లేదు.

మే నెలలో పలాస వెళ్లాను. జీడిపిక్కల కాలం కావడంతో, ఉద్దానం నుంచి దిగిన బస్తాలతో చిన్నాన్నగారి కొట్టు ముందు కాలు మోపే చోటు లేదు. ఆయన ఉదయపు అలవాటు నీకు గుర్తుండే ఉంటుంది: బైబిలులోని సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు ఉన్నాయి గనుక, ఏ తారీఖున ఆ అధ్యాయం చదువుతారు. (ముప్పై రోజుల నెలలో గుణవతియైన భార్యను మెచ్చుకునే చివరిది జారిపోతుంది. "గుణవతియైన భార్య మీ చిన్నాన్నకు ఏడాదికి ఏడు నెలలే గుర్తుంటుంది" అని పిన్ని ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.) నేను ఇన్నేళ్లూ గమనించనిది ఏమిటంటే, 11వ అధ్యాయం తెరవగానే "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము" అని ఉంటుంది, 16లో న్యాయమైన త్రాసు మాట మళ్లీ వస్తుంది, 20లోనైతే వేరువేరు తూనికెరాళ్ల ప్రస్తావన రెండుసార్లు ఉంది. ఆ మూడు తారీఖుల్లోనూ ఆయన కొట్టు తెరిచి, ప్రార్థన చేసుకొని, ప్రభుత్వ ముద్ర ఉన్న 20 కిలోల ఇనుప గుండును కాటా మీద పెట్టి చూసిన తరువాతే మొదటి బస్తా ఎత్తనిస్తారు.

నేనున్నప్పుడే 16వ తారీఖు వచ్చింది. గుండు పెడితే కాటా 19.5 చూపించింది, తీసి మళ్లీ పెట్టినా అంతే. కలాసీ కుర్రాడు పళ్లెం ఎత్తి చూడగా, దానికీ అడుగు చట్రానికీ మధ్య ఒక జీడిపిక్క ఇరుక్కొని, నలిగి, జీడి కారి నల్లగా అట్టకట్టి ఉంది. బరువులో కొంత ఆ పిక్కే మోస్తుంటే కాటా తక్కువ చూపక ఏం చేస్తుంది? తక్కువ చూపితే నష్టపోయేది అమ్మిన రైతు, బాగుపడేది కొన్న షావుకారు.

గుమస్తా ఆ పిక్కను పెకలించి, "ఇరవైకి ఇరవై, సరిపోయిందండి" అంటూ తరువాతి బస్తాకు చెయ్యి ఊపాడు. చిన్నాన్నగారు మాత్రం కొనుగోలు పుస్తకం తెప్పించారు. 11న కాటా సరిగా ఉంది, 16న లేదు, కాబట్టి ఈ మధ్య తూచిన ప్రతి బస్తానూ అనుమానించవలసిందేనన్నారు. "ఇవాళ పొద్దుటే పడిందేమో కదా నాన్నా" అన్నాడు తమ్ముడు. ఈ వ్యాపారంలో మిగిలేదెంతో తెలిసినవాడు కనుక వాడిని నేను తప్పుపట్టను. ఆయన ఆ పిక్కను కాగితంలో వాడి ముందు పెట్టి, "పొద్దుట పడినదానికి జీడి ఇంతగా ఎండుతుందా?" అని మాత్రం అడిగారు. 80 కిలోల బస్తాకు 2 కిలోల చొప్పున, కొన్ననాటి ధర కట్టి, ఎవరి సొమ్ము వారికి కవర్లలో పెట్టించారు.

ఆ కవర్లు పంచడానికి ఆయన మోటారు సైకిలు వెనుక నేనూ ఎక్కాను. వజ్రపుకొత్తూరు వైపు ఊళ్లు ఎలా మారాయో నీవు చూడాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పడగొట్టిన తోటల్లో మళ్లీ వేసిన జీడి మొక్కలు ఇప్పుడు కాపు పట్టాయి. ఒక రైతు ఇందులో ఏదో మెలిక ఉందని అనుమానించి కవరు ముట్టనేలేదు. ఒక ముసలామె మాత్రం నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, కొంగున ముడివేసుకొని, "మరి పోయినేడు మాటేటి బావూ?" అంది. నాకు నవ్వొచ్చింది, గుండె కూడా ఝల్లుమంది. చిన్నాన్నగారు తడుముకోకుండా, "పోయినేడు కూడా పదకొండో తారీఖులు ఉన్నాయమ్మా" అన్నారు. ఆమెకు ఏం అర్థమైందో ఆ దేవుడికే తెలియాలి.

సండే స్కూల్లో బంగారు వాక్యాలు వల్లె వేయించడమంటే చిలకపలుకులు నేర్పడమేనని నీవు వ్రాశావు. ప్రతి ఆదివారం "యేసు కన్నీళ్లు విడిచెను" అని ఆ మూడు మాటలే అప్పజెప్పి బిస్కట్లు కొట్టేసిన నీకా ఆ మాట అనే హక్కు! అయినా నీ మాటలో నిజం లేకపోలేదు. 119వ కీర్తన 176 వచనాలూ గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగి, కూలివాళ్ల డబ్బు ఎగవేసిన పెద్దమనిషిని మనమిద్దరం ఎరుగుదుము. నోటికి రావడం వేరు, కాటా దగ్గర గుర్తుకు రావడం వేరు. చిన్నాన్నగారు తమ జ్ఞాపకశక్తిని నమ్ముకోలేదు, తారీఖును నమ్ముకున్నారు. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయంలో "నీ యింట కూర్చుండునప్పుడును త్రోవను నడుచునప్పుడును" అని ఉన్న వరుసలో కొట్టు తెరుచునప్పుడును అని కూడా ఆయన చదువుకుంటారేమో...

నాకైతే త్రాసు లేదు. ఆఫీసులో నా చేతిలో ఉండేది హాజరు పట్టీ. దానికి తగిన తారీఖు వెతుకుతూ సామెతల ఆరవ అధ్యాయంలో "సోమరీ, చీమలయొద్దకు వెళ్లుము" దగ్గర ఆగిపోయాను. నవ్వకు. ఇంకా పిన్ని ఆ కవర్ల గురించి అన్న మాట ఒకటి వ్రాయాలి, కానీ మా వాడు వీధిలో హారను మోగిస్తున్నాడు, సాయంకాల ఆరాధనకు వేళయింది. పిన్ని మాట వచ్చే ఉత్తరంలో.

నీ
చిలక