స్కానింగంటే పొట్టేనా?

అయ్యా,

పోయిన వారం మీ విశాఖ పేజీలో ఓ కొత్త అల్ట్రాసౌండ్ యంత్రానికి రిబ్బన్ కత్తిరిస్తున్న ఫొటో వేశారు. కత్తెర ఒకటే, పట్టుకున్న చేతులు మాత్రం బోలెడు. ఆ యంత్రంతో ఏమేం చూస్తారో ఒక్క ముక్క రాయలేదు. గర్భిణులు, కిడ్నీలో రాళ్లు, అపెండిక్స్. మనవాళ్ల లెక్కలో స్కానింగంటే అంతే కదా!

మా బావమరిదికి కాళ్ల తిమ్మిర్లతో మొదలై, కొన్ని నెలల్లోనే అన్నం కలుపుకోలేని స్థితి వచ్చింది. షుగరుంది కాబట్టి షుగర్ నరాలే అన్నారొకరు. మెడ ఎముకలు అరిగాయన్నారు ఇంకొకరు. బీ12 ఇంజెక్షన్లు, మెడకు పట్టీ, మళ్లీ ఇంజెక్షన్లు. నరాలకు కరెంటు పరీక్ష చేయించినా సంగతి తేలలేదు. చివరికి ఓ నరాల డాక్టరు చేతికి జెల్ రాసి, మణికట్టు నుంచి చంక దాకా, అక్కణ్నుంచి మెడ పక్కకు అల్ట్రాసౌండ్ ప్రోబ్ (ఒంటి మీద ఆనించే పరికరం) జరుపుతూ పోయారు. మణికట్టు దగ్గర బాగానే ఉన్న నరం మోచేయి దాటాక ఉబ్బిపోయి ఉంది. మెడలో నరాల మొదళ్లూ అంతే. సీఐడీపీ అట! ఒంట్లోని రక్షణ వ్యవస్థే నరం మీది పొరను తినేసే జబ్బు. స్టెరాయిడ్లు, ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను నరంలోకి ఎక్కించే మందు)తో చాలామంది కోలుకుంటారు. ఆలస్యమైతే పొరతో పాటు లోపలి పోగు కూడా పోతుంది, అప్పుడు మందు పడినా పూర్వపు బలం రాదు.

ఇదేం నిన్నమొన్నటి వింత కాదు. సీఐడీపీ అనుమానం ఉండీ తేలని పెద్దవాళ్లకు అల్ట్రాసౌండ్ చేయొచ్చని 2021 యూరప్ మార్గదర్శకాల్లోనే ఉంది. కరెంటు పరీక్షకు బదులుగా కాదు, తోడుగా. కుష్టులోనూ నరం లావెక్కుతుంది, షుగర్లోనూ కాస్త ఉబ్బొచ్చు, కాబట్టి చూసే కన్ను కావాలి. పొట్ట చూసే ప్రోబ్ పనికిరాదు, పైపైన ఉన్న సన్నటి నరాన్ని చూపే హై ఫ్రీక్వెన్సీ ప్రోబ్ కావాలి. అది కొన్నారా? ఎవర్నడిగినా 'పైవాళ్లకు తెలుసు' అంటారు.

పోనీ నరాల డాక్టర్లే యంత్రం పెట్టుకుందామంటే 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్ట్రేషన్. ఆ చట్టం ఉండాల్సిందే, కాదనను. కానీ అరవై దాటిన మగాడి మోచేయి చూసే గది గోడకూ ఆడ, మగ చెప్పబడదని బోర్డే! వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఉన్న ఊరని గొప్పగా చెప్పుకుంటాం. శ్రీకాకుళం, పార్వతీపురం నుంచి రాత్రి బస్సెక్కి వచ్చినవాళ్లకు మాత్రం 'మెడ అరిగింది' అన్న చీటీయే.

పీజీ డాక్టర్లకు వారానికో పూట నరాల స్కానింగ్ నేర్పడానికి కొత్త భవనం అక్కర్లేదు, శంకుస్థాపనా అక్కర్లేదు. బహుశా అందుకే ఎవరికీ పట్టలేదేమో.

— ఓ పాఠకుడు, సీతమ్మధార, విశాఖపట్నం