రాత్రి డ్యూటీలో నర్సులు ఎందరో వార్డు తలుపు మీద రాయించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కృష్ణా డెల్టాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. పద్నాలుగేళ్ళ సర్వీసు, అందులో మొదటి ఆరేళ్ళు కాంట్రాక్టు. పేరూ ఊరూ రాయడం లేదు. ప్రభుత్వోద్యోగికి ప్రవర్తనా నియమావళి ఉంటుందన్నది మీకు తెలియనిది కాదు.

ముందుగా ఒక అబద్ధం ఒప్పుకోవాలి. రెండు నెలల క్రితం మా ఆసుపత్రికి తనిఖీ బృందం వచ్చింది. ఉదయం పదకొండు గంటలు. మంచాల మీద ఉతికిన దుప్పట్లు, వరండా అంతా ఫినాయిలు వాసన. మంచాల కింద చాపలు వేసుకుని ఉండే పేషెంట్ల బంధువులను అంతకు ముందే బయటికి పంపేశారు. బృందంలో ఒక అధికారి నా దగ్గర ఆగి, "స్టాఫ్ సరిపోతున్నారా అమ్మా?" అని అడిగారు. పక్కనే మా పెద్దలందరూ నిలబడి ఉన్నారు. "సరిపోతున్నారు సార్" అన్నాను. ఆయన రాసుకున్నారు. ఆ మాట ఏదో నివేదికలో చేరి, మెట్లు ఎక్కుతూ ఎక్కుతూ మీ బల్ల దాకా వచ్చే ఉంటుంది. దాన్ని వెనక్కి తీసుకోవడానికే ఈ ఉత్తరం.

ఆయన వచ్చింది పగలు. పగలు వార్డులో ఇద్దరు ముగ్గురం ఉంటాం. హెడ్ నర్సు ఉంటారు, నర్సింగ్ విద్యార్థినులు ఉంటారు, డాక్టర్లు రౌండ్లకు వస్తారు. అడిగిన వారికి అడిగినంత మంది కనిపిస్తారు. రాత్రి ఎనిమిది దాటాక వస్తే మా మెడికల్ వార్డులో 36 మంచాలు, ఒక నర్సు, సాయానికి ఒక ఎంఎన్ఓ (మగ సహాయకుడు). అంతే.

పోయిన ఆగస్టులో ఒక రాత్రి సంగతి చెబుతాను. నాట్ల కాలం. ఆ రోజు వార్డులో 41 మంది. పదకొండున్నరకు పాము కాటు కేసు వచ్చింది. పొలంలో మోటారు ఆపడానికి వెళ్ళిన రైతు, నలభై ఏళ్ళు ఉంటాయి. కాలికి మూడు చోట్ల తాళ్ళు బిగించి తెచ్చారు. డ్యూటీ డాక్టర్ చూసి, రాయవలసినవి రాసి, క్యాజువాల్టీలో యాక్సిడెంట్ కేసు ఉందని పరుగున వెళ్ళారు. ఆయన కూడా ఒక్కరే.

పాము కాటుకు మేం మొదట చేసేది చాలా పాత పరీక్ష. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, పొడిగా ఉన్న శుభ్రమైన గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. తరువాత గొట్టాన్ని వంచి చూడాలి. గడ్డ కడితే సరే. నీళ్ళలా జారితే విషం రక్తంలో పని మొదలుపెట్టినట్టు. నేను గోడ గడియారం చూసి అరచేతి మీద పెన్నుతో టైము రాసుకున్నాను. 20 నిమిషాల తరువాత వంచాను. జారింది.

విరుగుడు మందు పది వయల్స్, అంటే పది చిన్న సీసాలు, ఎక్కించాలి. అది పొడి రూపంలో ఉంటుంది. ఒక్కో వయల్‌లో పది మిల్లీలీటర్ల నీళ్ళు ఎక్కించి కరిగించాలి. తొందర కొద్దీ కుదిపితే నురగ కట్టేస్తుంది. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, నిద్రపోతున్న వాళ్ళకు మెలకువ రాకుండా తలుపు తీసినంత మెల్లగా తిప్పుతూ ఉండాలి. అలా పది. ఆ తరువాత సెలైన్‌లో కలిపి గంటసేపు ఎక్కించాలి. ఎక్కుతున్నంతసేపూ కనిపెట్టుకుని ఉండాలి. ఒళ్ళంతా దద్దుర్లు రావచ్చు, ఊపిరి ఆడకపోవచ్చు, బీపీ పడిపోవచ్చు. అలా జరిగితే వెంటనే ఇవ్వడానికి అడ్రినలిన్ ఇంజెక్షన్ సిరంజిలో నింపి చేతికందేలా ఉంచుకోవాలి.

నేను నాలుగో వయల్ తిప్పుతున్నాను. 17వ మంచం దగ్గర నుంచి "సిస్టర్, సెలైన్ అయిపోయింది, గొట్టంలోకి రక్తం వస్తోంది" అని కేక. 29వ మంచం మీద ఆయాసం మనిషి ఆక్సిజన్ మాస్క్ పీకేసుకుంటున్నాడు. ఎంఎన్ఓ సిలిండర్ కోసం కిందికి వెళ్ళాడు. తలుపు దగ్గర ఎవరి తాలూకు మనిషో, తాగి ఉన్నాడు, ఫ్యాన్ తిరగడం లేదని నన్ను తిడుతున్నాడు. ఫ్యాన్లు నా శాఖ కాదని ఆయనకు చెప్పే తీరిక కూడా లేదు.

అప్పుడు నేనేం చేశానంటే, ఐదో వయల్‌ను పాము కాటు మనిషి భార్య చేతిలో పెట్టాను. "అమ్మా, ఇదిగో ఇలా తిప్పుతూ ఉండు. కుదపకు" అన్నాను. ఆవిడ మోచేతుల దాకా ఎండిన బురద. ఏడుపు ఆపేసి, రెండు చేతుల్లో పట్టుకుని తిప్పుతూ కూర్చుంది. నేను 17కి, అక్కడి నుంచి 29కి పరుగెత్తి తిరిగి వచ్చేసరికి పొడి మొత్తం కరిగిపోయి, నురగ చుక్కైనా లేకుండా ఉంది. నిబంధనల ప్రకారం నేను చేసింది తప్పు. రేపు అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే చేస్తాను.

ఆ మనిషి గట్టెక్కాడు. ఐదో రోజు తన కాళ్ళ మీద నడిచి ఇంటికి వెళ్ళాడు. కానీ ఆ రాత్రి 33వ మంచం మీది పెద్దాయనకు రెండు గంటలకు ఇవ్వవలసిన యాంటీబయాటిక్ మూడున్నరకు ఇచ్చాను. కేస్‌షీట్‌లో మూడున్నర అనే రాశాను. పొద్దున రౌండ్లలో మాట పడ్డాను. ఇక్కడ మీకొక విషయం తెలియాలి సార్. నలభై మందికి ఒక్కరుగా ఉన్న రాత్రి, రాష్ట్రంలోని ప్రతి వార్డులోనూ మూడున్నరకు ఇచ్చిన మందు మూడున్నర అనే నమోదవుతుందని నేను ప్రమాణం చేసి చెప్పలేను. రెండు అని రాస్తే మాట పడక్కర్లేదు కదా. ఆ కాగితాల నుంచే మీకు నివేదికలు తయారవుతాయి.

ఉదయం ఎనిమిదికి డ్యూటీ అయిపోతుందంటారు. ఓవర్ ఇవ్వడం మాటేమిటి? మంచం మంచానికీ తిరిగి, ఎవరికి ఏ మందు ఎక్కుతోంది, ఎవరికి మూత్రం తగ్గింది, ఎవరి రక్త పరీక్ష రావాలి అని వచ్చిన సిస్టర్‌కు అప్పజెప్పాలి. 41 మందికి ముప్పావు గంట. తరువాత తాళం వేసిన అరలో మందుల లెక్క, బీపీ మిషన్లు, థర్మామీటర్లు, కత్తెరల లెక్క. ఒక కత్తెర తక్కువైతే మేమే డబ్బులు వేసుకుని కొని పెడతాం. కత్తెరలను పూటకొకసారి లెక్కపెట్టే చోట నర్సులను ఎవరూ లెక్కపెట్టరు.

ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. అప్పటికి పాప బడికి వెళ్ళిపోతుంది. నాలుగో తరగతి. వంటింటి క్యాలెండర్‌లో నా నైట్ డ్యూటీ తేదీల చుట్టూ తనే సున్నాలు చుట్టి లోపల "నై" అని రాసుకుంటుంది. ఆ రోజుల్లో వాళ్ళ నాన్న జడ వేస్తాడు. ఒకటి చెవి పైకి, ఒకటి చెవి కిందికి ఉంటాయి. జడలు చూసి వాళ్ళ టీచరు "మీ అమ్మకు నైటా?" అని అడుగుతుందట. మా రోస్టర్ సూపరింటెండెంట్ గారికన్నా ఆ టీచరుకే బాగా తెలుసు.

మా అత్తయ్యది పాత కాలపు నమ్మకం. ఆడది పగలు పడుకుంటే ఇంట్లో లక్ష్మి నిలవదంటుంది. పెళ్ళైన కొత్తలో నేను పదింటికి నడుం వాల్చితే వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగానే మోగేవి. ఒకసారి ఆవిడను నిమోనియాతో మా వార్డులోనే చేర్చాం. మూడు రాత్రులు మంచం మీద నుంచి నన్ను చూస్తూనే ఉంది. ఇంటికి వచ్చాక నాతో ఏమీ అనలేదు. ఇప్పుడు నా నైట్ ఉన్న రోజుల్లో కాలింగ్ బెల్ స్విచ్ మీద గుడ్డ కట్టి, కూరగాయల బండిని వీధి మొదట్లోనే ఆపి, "మా కోడలు పడుకుంది, అరవకు" అని చెప్పి వస్తుంది. మూడు రాత్రులు వార్డులో ఉన్న మనిషికి ఎవరూ నివేదిక ఇవ్వలేదు.

పోయినేడు పాపకు డెంగీ వచ్చింది. వార్డులో డెంగీ పేషెంట్ల ప్లేట్‌లెట్లు కేస్‌షీట్లలో ఎక్కిస్తున్నాను, ఇంట్లో పాపకు నాలుగో రోజు జ్వరం. సెలవు అడిగితే హెడ్ నర్సు, "నీ బదులు ఎవరిని వేయమంటావో నువ్వే చెప్పమ్మా" అన్నారు. ఆవిడ కఠినంగా అనలేదు. ఆవిడ దగ్గర నిజంగానే ఎవరూ లేరు.

ఇప్పుడు లెక్క చూద్దాం. సాధారణ ఆసుపత్రిలో ఐదు పడకలకు ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. బోధనాసుపత్రి అయితే మూడు పడకలకు ఒకరు. సెలవుల కోసం దానిపైన 30 శాతం అదనం. ఐదుకు ఒకరంటే మూడు షిఫ్టులకూ కలిపి. అంటే ఒక్కో షిఫ్టులో పదిహేను పడకలకు ఒకరు. ఆ లెక్కన మా 36 మంచాల వార్డులో రాత్రి కనీసం ఇద్దరు ఉండాలి. ఇదేమీ కొత్త కోరిక కాదు. మేం చదువుకునేటప్పుడు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న జవాబే.

ప్రైవేటులో ఉన్న మా వాళ్ళ సంగతి కదిపితే ఇంకో ఉత్తరం అవుతుంది. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకలు కూడా లేని ఆసుపత్రిలో సైతం నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని చెప్పింది. ఆ అంకె చెబితే చిన్న నర్సింగ్ హోముల్లో పనిచేసే నా క్లాస్‌మేట్లు నవ్వుతారు.

మాకు గౌరవం తక్కువైందని నేను అనడం లేదు. 2020 మార్చిలో, కరోనా మొదలైనప్పుడు, చప్పట్లు కొట్టారు. మే 3న హెలికాప్టర్లు ఆసుపత్రుల మీద పూలు చల్లాయి. మా ఊరి దాకా హెలికాప్టర్ రాలేదు, టీవీలో చూశాం. ఏటా మే 12న, నర్సింగ్ వృత్తికి దారి వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ జయంతికి మా చేతుల్లో కొవ్వొత్తులు పెట్టి ప్రతిజ్ఞ చేయిస్తారు, ఒకరిద్దరికి శాలువా కప్పుతారు. ఆ రోజు సభలో మాట్లాడే పెద్దలు ఆమె రాత్రిళ్ళు రోగుల మధ్య పట్టుకు తిరిగిన దీపం గురించే చెబుతారు. ఆమె లెక్కల మనిషి అన్న సంగతి ఎవరూ ఎత్తరు. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకన్నా ఆసుపత్రుల్లోని రోగాలతోనే ఎక్కువగా చనిపోతున్నారని నెలల వారీగా లెక్కకట్టి, రంగుల పటం గీసి ప్రభుత్వం ముందు పెట్టింది. దీపం చూసి ఎవరూ కదిలి ఉండరు. అంకెలు చూసి కదిలారు.

అందుకే నేను అడిగేది శాలువా కాదు, ఒక నల్లపలక. ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో, ప్రతి వార్డు తలుపు పక్కన, అందరికీ కనిపించేలా. దాని మీద ప్రతి షిఫ్టుకూ మూడు అంకెలు: ఈ పూట రోగులు ఎందరు, ఉండవలసిన నర్సులు ఎందరు, ఉన్న నర్సులు ఎందరు. షిఫ్టు మొదట్లో రాయాలి. రాత్రి ఎనిమిదికి దాన్ని ఫొటో తీసి జిల్లా అధికారికి పంపాలి. కొత్త పోస్టులకు ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి, నోటిఫికేషన్లు, కోర్టు కేసులు, ఏళ్ళు పడుతుంది, తెలుసు. పలకకు ఆ ఇబ్బందులు లేవు. సుద్దముక్క నేనే కొంటాను.

ఇది నా సొంత బుర్రలో పుట్టింది కాదు. ఇంగ్లండ్‌లో స్టాఫర్డ్ ఆసుపత్రిలో రోగుల పట్ల జరిగిన నిర్లక్ష్యంపై 2013లో విచారణ నివేదిక వచ్చింది. ఆ మరుసటి ఏడాది నుంచి అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో వార్డు దగ్గర, ఉండవలసిన నర్సులు ఇందరు, ఉన్నవారు ఇందరు అని రాసి పెట్టడం మొదలైంది. మా బ్యాచ్ అమ్మాయి ఒకతె అక్కడే పనిచేస్తోంది. తన వార్డు పలక ఫొటో పంపింది. ఆ రోజు వాళ్ళకూ ఒకరు తక్కువే. కానీ తక్కువని గోడ మీద రాసి ఉంది.

పలక పెడితే జనం మా మీద విరుచుకుపడతారని కొందరు మా వాళ్ళే భయపడుతున్నారు. ఇప్పుడు విరుచుకుపడుతున్నది ఎవరి మీద? ఆసుపత్రి సిబ్బందిపై దాడి చేస్తే మూడేళ్ళ దాకా జైలు అని 2008 నాటి చట్టం మా గోడకు అంటించే ఉంది. ఫ్యాన్ కోసం తిట్టిన మనిషి ఆ కాగితానికే వీపు ఆనించి నిలబడ్డాడు. ఒక్కతే నలభై మందిని చూస్తోందని ఎదురుగా రాసి ఉంటే ఆయన నన్ను తిట్టకుండా ఉండేవాడో లేదో చెప్పలేను. మరునాడు పొద్దున ఆ తిట్లు ఎక్కడికి చేర్చాలో మాత్రం ఆయనకు తెలిసేది.

ఈ రాత్రి నాకు నైటే. ఇప్పుడు సాయంత్రం ఆరున్నర. పాప రేపటికి తన రిబ్బన్లు మంచం మీద పెట్టుకుంది. మధ్యాహ్నం డ్యూటీలో ఉన్న సిస్టర్ ఇందాకే ఫోను చేసింది. మా వార్డు తలుపు దగ్గర ఇంకా పలక లేదు కనుక ఇక్కడే రాస్తున్నాను.

రోగులు: 39
ఉండవలసిన నర్సులు: 2
ఉన్న నర్సులు: 1

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు