జర్మనీ బిళ్లలకు ఉన్న లెక్క మన బిళ్లలకేది?

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది మహబూబ్‌నగర్. పాతకాలం జర్మనీ గుర్రపు దళం ఆఫీసర్ల భుజం పట్టీలు, టోపీ బిళ్లలు సేకరిస్తుంటాను. ఈ మాట చెప్పగానే అందరూ ముందు హిట్లర్ గురించే అడుగుతారు. నా దగ్గరున్నవన్నీ 1918కి ముందువి, కైజర్ (జర్మనీ చక్రవర్తి) కాలంవి, వాటిమీద స్వస్తిక్ ఉండదు. నాజీల సరుకు నేను ముట్టను (ఆన్‌లైన్‌లో అందులో నకిలీలు బోలెడు, కుర్రాళ్లు ఊరికే డబ్బులు తగలేస్తున్నారు).

ఆ పట్టీల్లో నాకు నచ్చేది వాటి వెనకున్న లెక్క. అప్పటి జర్మనీలోని రాజ్యాల్లో, వెండి జరీ తాడులో నల్ల దారం కలిసి ఉంటే ప్రష్యాది, నీలమైతే బవేరియాది, ఆకుపచ్చయితే శాక్సనీది. తాడును జడలా అల్లితే మేజర్, ఆ పైవాళ్లు. అల్లకుండా సాదాగా ఉండి నక్షత్రం లేకపోతే లెఫ్టినెంట్, ఒకటుంటే ఒబర్‌లెఫ్టినెంట్, రెండుంటే రిట్‌మైస్టర్, అంటే గుర్రపు దళం కెప్టెన్. హుస్సార్ల (తేలికపాటి గుర్రపు దళం వాళ్ల) బొచ్చుటోపీ మీద పుర్రె కనిపిస్తే అది డాన్జిగ్‌లోని రెండు లైఫ్ హుస్సార్ రెజిమెంట్లదో, బ్రున్స్‌విక్ 17వ హుస్సార్లదో అయ్యుండాలి. వాళ్లు అన్నీ రాసిపెట్టుకున్నారు కాబట్టే ఇక్కడ పాలమూరులో కూర్చుని దారం రంగు చూసి అమ్మేవాడి కథ నిజమో కాదో తేల్చగలుగుతున్నాను.

మరి మన సంగతి? వనపర్తి రాజా రామేశ్వరరావు దగ్గర ఆఫ్రికా సిద్దీల దళం ఉండేది, తర్వాత అది నిజాం సైన్యంలో కలిసింది, హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అని మనం పిలిచే బస్తీకి పేరు ఆ ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్ వల్లే వచ్చింది. ఢిల్లీలోని తీన్‌మూర్తి యుద్ధ స్మారకంలో ఉన్న మూడు సైనికుల విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్లది (బల్లేల గుర్రపు దళానిది). ఇక నిజాం ఖర్చుతో బ్రిటిష్ ఆఫీసర్ల కింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ సైన్యం నుంచి పుట్టిన డెక్కన్ హార్స్ అనే గుర్రపు దళం అయితే, మొదటి ప్రపంచ యుద్ధంలో 1916 జులై 14న ఫ్రాన్స్‌లో, సోమ్ యుద్ధంలో, హైవుడ్ దగ్గర బల్లేలు పట్టుకుని ఈ జర్మన్ల మీదికే గుర్రాలు ఉరికించింది! నా డబ్బాలో జర్మన్ల పట్టీలున్నాయి గానీ వాళ్ల మీదికి ఉరికినవాళ్ల బిళ్ల ఒక్కటి లేదు.

దొరకక కాదు. పాత సామాన్ల దుకాణాల్లో ఇత్తడి కింద తూకానికి పోతున్నాయి. ఒకవేళ చేతికొచ్చినా అది ఏ దళానిది, ఏ హోదాది అని చూసుకోవడానికి తెలుగులో నాకు ఒక్క పుస్తకం కనబడలేదు. ఇంట్లో ఉంచుకున్నవాళ్లేమో పండక్కి చింతపండు పెట్టి తోమి తోమి అక్షరాలు అరగదీస్తున్నారు. దయచేసి తోమకండి, మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఇంకోమాట. చారిత్రక విలువ ఉండి వందేళ్లు దాటిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, దాన్ని మనంతట మనం విదేశాలకు అమ్మి పంపడం నేరం. ఆన్‌లైన్‌లో బేరం పెట్టేవాళ్లకు ఇది తెలుసో లేదో.

పిల్లలమర్రి మ్యూజియంలో వనపర్తి, గద్వాల సంస్థానాల సైనికుల బిళ్లలకు ఒక అద్దాల బీరువా పెట్టమని పురావస్తు శాఖను అడుగుతున్నాను. వస్తువు ఇవ్వడం ఇష్టం లేనివాళ్ల దగ్గర ముందూ వెనకా ఫొటో తీసుకుని, ఎవరిది, ఏ ఊరు, ఏ దళం అని రాసుకున్నా సరిపోతుంది. మీ జిల్లా పేజీలో వారానికో ఫొటో వేస్తే గుర్తుపట్టే ముసలివాళ్లు ఇంకా ఉన్నారు.

— ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్