కలెక్టర్ గారూ, మా తమ్ముడి నోరు కూడా చూడమనండి

తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

మా తమ్ముడికి డౌన్ సిండ్రోమ్. నలభై దాటాయి. ముప్పై దాటినవాళ్లకి నోటి క్యాన్సర్ పరీక్ష చేస్తున్నారంటే పిలుచుకుపోయాను. టార్చిలైటుతో నోళ్లు చూస్తున్న ఆరోగ్య కార్యకర్త వాణ్ణి చూసి "ఈయప్పకెందుకులే అక్కా" అని, నన్ను మాత్రం చూసి పంపేసింది. ఆమెను అనడం లేదు, వాళ్ల పని ఒత్తిడి నాకు తెలుసు.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో, అందరికీ రెండుండే 21వ క్రోమోజోమ్ మూడు ఉంటాయి. చిన్నతనంలో లుకేమియా (రక్త క్యాన్సర్) ముప్పు ఎక్కువ, గడ్డలుగా పెరిగే క్యాన్సర్లు మాత్రం తక్కువ. ఆ క్రోమోజోమ్ మీదున్న డీఎస్‌సీఆర్1 అనే జన్యువు, గడ్డకు రక్తం తెచ్చే కొత్త నాళాలు పుట్టకుండా అడ్డుపడుతుందని 2009లో ఎలుకల మీద చూపించారు. తక్కువంటే అసలు రావని కాదు కదా! పైగా చిగుళ్ల జబ్బు వీళ్లలో ఎక్కువ. పుండు పడితే ఫలానా చోట నొప్పి అని చాలామంది చెప్పలేరు. మావాడైతే కంచం పక్కకు నెట్టేస్తాడు, అంతే.

(గుట్కా నిషేధమంటారు, మా వీధి బంకులో అడిగితే ఇస్తారు. అదింకో ఉత్తరం.)

ఈ క్యాన్సర్ పరీక్షల సర్వే ఫారంలో డౌన్ సిండ్రోమ్‌కి ఒక గడి పెట్టించండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో నెలకో రోజు దంతవైద్యుణ్ణి కూర్చోబెట్టి, పెద్దవాళ్లనీ రానివ్వండి. స్విమ్స్ పెద్దాసుపత్రి మన ఊళ్లోనే ఉంది. ఇంటివాళ్లు ఒప్పుకుంటే, పేర్లు లేకుండా ఈ పరీక్షల వివరాలు అక్కడ పరిశోధనకు ఇప్పించండి. తల, మెడ క్యాన్సర్లు వీళ్లకి ఎంతమందికి, ఎలా వస్తున్నాయో మన దగ్గరే తేలుతుంది.

పరీక్ష ఎప్పుడు పెట్టినా వాణ్ణి నేనే తీసుకొస్తాను. పొద్దునపూటైతే మేలు, మధ్యాహ్నం మాట వినడు.

ఇట్లు,
తిరుచానూరు రోడ్డు నుంచి ఒక అక్క