చీనీకాయల బండి అన్నకు

నా బాస్, అంటే నేను వాయించే పెద్ద తీగవాయిద్యం, ఇవాళ సాయంత్రం రిపేరు నుంచి ఇంటికొచ్చింది. 19 రోజుల తర్వాత హాల్లో తన మూలలో నిలబడి ఉంది. దానికెదురుగా నేలమీద కూర్చుని ఇది టైప్ చేస్తున్నాను. రాత్రి ఒంటిగంట దాటింది. పొద్దున తొమ్మిదికల్లా ఆఫీసులో ఉండాలి, నెలాఖరు లెక్కలు. అయినా ఇది రాయకుండా పడుకోలేను. రేపటికి మనసు కొంచెం కుదుటపడుతుంది. కుదుటపడ్డాక రాస్తే కొన్ని జారిపోతాయని నా భయం.

కొత్తగా చదివేవాళ్ళకి రెండు మాటలు. వారమంతా నేను అకౌంట్స్ ఉద్యోగం చేస్తాను. నెలలో అయిదారు సాయంత్రాలు బెంగళూరులో జాజ్ బృందాలతో డబుల్ బాస్ వాయిస్తాను. వయొలిన్ కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది ఇదే. దాదాపు ఆరడుగుల ఎత్తు, నాలుగు తీగలు, అన్నిటికన్నా కింది తీగ మీటితే సెకనుకు 41 కంపనాలు. వినేవాళ్ళు చాలామంది దాన్ని విడిగా గుర్తుపట్టరు. అది ఆగిన క్షణంలో మాత్రం పాట కింద నేల లేదని అందరికీ తెలిసిపోతుంది. మన కచేరీ భాషలో చెప్పాలంటే మృదంగం పనీ తంబూరా పనీ ఒక్క మనిషే చేయడం. తాళం నడిపించాలి, పాట ఏ స్వరం మీద నిలబడిందో అడుగడుగునా గుర్తుచేయాలి. 1939లో అమెరికా జాజ్ దిగ్గజం డ్యూక్ ఎలింగ్టన్ బృందంలో చేరిన జిమ్మీ బ్లాంటన్ అనే కుర్రాడు, బాస్ వెనక నిలబడి లెక్కపెట్టడానికి మాత్రమే కాదని రెండేళ్ళలో లోకానికి చూపించాడు. 1942లో క్షయతో పోయాడు, అప్పటికి 23 ఏళ్ళు. ఆ రెండేళ్ళ వాయింపు వినే నేను ఇందులోకి వచ్చాను. పన్నెండేళ్ళయింది.

ఇక ఆ శనివారం రాత్రి. వైట్‌ఫీల్డ్ వైపు ఒక చోట వాయించి, యాప్‌లో గూడ్స్ ఆటో పెట్టుకుని రామమూర్తినగర్‌లో మా ఇంటికి వస్తున్నాను. టిన్ ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చేసరికి కుండపోత. రోడ్డుమీద మోకాలి లోతు నీళ్ళు. ఇంజన్‌లోకి నీళ్ళు పోయాయి, ఇక కదలదు, దిగండి అన్నాడు ఆటో అబ్బాయి. హడావిడిగా దించబోతుంటే బ్యాగు తడిచేతుల్లోంచి జారింది. బాస్ తల మొదట నేలకి తగిలింది. ఎండుకొమ్మ విరిగినప్పుడు వచ్చే చప్పుడు. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

మెట్రో స్తంభాల కింద తడవని చోటు చూసుకుని జిప్పు తీశాను. మెడ పొట్టలో దిగే చోట అతుకు విడిపోయి, మధ్యలో వేలిగోరు దూరేంత సందు. తల పక్కన చిన్న పెచ్చు ఎగిరిపోయింది. నాలుగు తీగలూ కలిసి వంద కిలోలకు పైగా బలంతో ఆ మెడని లాగుతుంటాయి. అలాగే వదిలేస్తే ఊడి చేతికొస్తుంది. తీగల్ని పూర్తిగా వదులు చేస్తే లోపల సౌండ్‌పోస్ట్ పడిపోవచ్చు. అది ఒక చిన్న గుండ్రటి కర్ర, జిగురుతో అంటించరు, పైచెక్కకీ కిందచెక్కకీ మధ్య ఒత్తిడితోనే నిలబడుతుంది. ఫ్రెంచి వాళ్ళు దాన్ని ఆత్మ అనే అంటారు. టైం పదకొండూ నలభై. ఫోన్‌లో నాలుగు శాతం ఛార్జింగ్. మా ఆయన హైదరాబాద్‌లో. యాప్‌లో అప్పటికే ట్రిప్ పూర్తయిందని మెసేజ్, డబ్బు కట్.

ఎన్ని బండ్లకి చెయ్యెత్తానో లెక్కలేదు. ఒక్క బొలెరో పికప్ మాత్రం దాటిపోయి మళ్ళీ వెనక్కి వచ్చింది. కె.ఆర్.పురంలో చీనీకాయలు, అంటే బత్తాయిలు దించి, హెబ్బాళ మీదుగా అనంతపురం వెళ్ళిపోతున్న బండి. యాభై దాటిన మనిషి, పక్కన అక్క కొడుకు. నేను వచ్చీరాని కన్నడలో మొదలుపెట్టాను. "తెలుగులో చెప్పమ్మా, ఏమైంది?" అన్నాడు. ఆ ఒక్క ముక్కకే నాకు ఏడుపు వచ్చేసింది.

అన్నా, ఇది పడుకోబెడితే మెడ ఊడిపోతుంది, నిలబెట్టి ఎవరైనా పట్టుకోవాలి అన్నాను. ఆయన ఒక నిమిషం దాన్ని పైనుంచి కిందదాకా చూశాడు. "మా ఊరు గూగూడు పక్కనేమ్మా. పీరును ఎత్తుకున్నోణ్ణి. నిలబెట్టి మోసేది నాకు తెలుసులే" అన్నాడు. అనంతపురం వైపు గూగూడు కుళ్ళాయిస్వామి పీర్ల పండగలో పీరుని నిలబెట్టే ఎత్తుకుని తిరుగుతారు, అది చూసినవాళ్ళకి ఆ మాట అర్థమవుతుంది. నేను తీగలు ఒక్కొక్కటీ సగం సగం సడలిస్తుంటే ఫోన్ లైటు పట్టాడు. తర్వాత తాళం చెవి మేనల్లుడి చేతిలో పెట్టి, టార్పాలిన్ తీసుకుని తను వెనక ట్రాలీలోకి ఎక్కాడు. ఎక్కేముందు చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. జారుతుందన్నా, వేసుకో అన్నాను. "వాయించేది కదమ్మా" అన్నాడు. అంతే.

బండి నడిచినంతసేపూ, ఆ వానలో, ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి నడుము చుట్టూ వేసి, టార్పాలిన్ మొత్తం బాస్ మీదే కప్పి తను తడుస్తూ నిలబడ్డాడు. ముందు సీట్లోంచి వెనక అద్దంలోకి చూసినప్పుడల్లా ఆ నీలం టార్పాలిన్, దానికి ఆనించిన ఆయన నుదురు కనిపించాయి. మా వీధిలో కరెంటు లేదు. రెండంతస్తులూ మెట్లమీద మెల్లగా ఎక్కించి, గోడ మూలలో ఆనించి, మెడ కింద దిండ్లు పెట్టి వెళ్ళాడు. డబ్బు తీయబోతే "రేపు చూస్కుందాం లేమ్మా" అన్నాడు. రేపు ఎక్కడ చూస్తాం, ఆయన అనంతపురం వెళ్ళిపోతున్నాడు కదా అనుకున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. స్కాట్ లఫారో గుర్తొచ్చాడు. బాస్‌ని పియానోతో సమానంగా మాట్లాడించిన మనిషి, 1961లో 25 ఏళ్ళకే కారు ప్రమాదంలో పోయాడు. కారులో ఆయనతోపాటు ఉన్న పాత బాస్ కూడా బాగా దెబ్బతింది. ఏళ్ళ తర్వాత దాన్ని బాగుచేసి మళ్ళీ నిలబెట్టారు. అదే తలుచుకుంటూ కూర్చున్నాను.

పొద్దున ఆరున్నరకి పాలకోసం కిందికి దిగితే గేటు ముందు అదే బండి. ముందు సీట్లలో ఇద్దరూ ముడుచుకుని పడుకుని ఉన్నారు. అద్దం మీద తడితే లేచి కళ్ళు నులుముకుంటూ అన్న మాట ఇది: "రిపేరుకి తీసుకుపోవాల గదమ్మా. దాన్ని పట్టుకునేది ఎట్లో తెలియనోళ్ళు వస్తే మళ్ళా ఇరుగుతాది."

ఆ మెట్లమీదే కూలబడిపోయాను. నాకోసం ఎవరైనా ఏదైనా చేయడం నాకు కొత్తకాదు. కానీ నా బాస్‌కి పొద్దున ఏం అవసరమో నాకంటే ముందు ఆలోచించి, ఇంట్లో వాళ్ళని ఎదురుచూడమని, తడిబట్టలతో రాత్రంతా బండిలో పడుకున్న మనిషి ఎవరో నాకు తెలియదు. రాత్రి దాకా ఆయన జీవితంలో డబుల్ బాస్ అనే వస్తువే లేదు.

లింగరాజపురం వైపు తీగవాయిద్యాలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి మళ్ళీ అలాగే నిలబెట్టి తీసుకెళ్ళాడు. పెద్దాయన టార్చి వేసి సందులోకి చూసి, కర్ర చీలలేదు, అతుకే విడిందని చెప్పేదాకా గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఇలాంటి వాయిద్యాలకి జంతుచర్మం ఉడికించి తీసిన జిగురు వాడతారు. వేడి, ఆవిరి తగిలితే విడుతుంది, గట్టి దెబ్బ తగిలినా కర్ర కంటే ముందు అదే విడుతుంది, మళ్ళీ అతికించుకోవచ్చు. మామూలు వడ్రంగి జిగురు పెట్టి ఉంటే మెడ నిలువునా చీలేదన్నారు పెద్దాయన. అది విన్నాక అన్న టీ తాగి, డీజిల్‌కి అయిదు వందలు చాలని అంతే తీసుకుని వెళ్ళాడు. పేరు రాయొద్దన్నాడు, అందుకే రాయడం లేదు.

పెద్దాయనకీ చేతులెత్తి దండం. వానాకాలం తేమలో తొందరపడితే అతుకు నిలవదని, పాత జిగురంతా ఆవిరితో కరిగించి, కొత్తది పూసి, బిగించి, రోజులు ఆగి, ఎగిరిపోయిన పెచ్చు చోట అదే మేపుల్ కర్ర ముక్క చెక్కి అతికించారు. 18,000 అయింది. వాయిదాల్లో ఇమ్మన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకు ఊపిరాడదు. బాస్‌కి ఇన్సూరెన్స్ ఉందనుకుని ఏడేళ్ళుగా కడుతున్నాను. ఇంటి సామాను పాలసీ కాబట్టి ఇంట్లో విరిగితేనే ఇస్తారట. బయట డబ్బు తీసుకుని వాయించేటప్పుడు అది వృత్తి పరికరమట. సరే, వృత్తి పరికరాల పాలసీ ఇవ్వండి అంటే, మీ పన్ను కాగితాల్లో వృత్తి అకౌంట్స్ ఉద్యోగం అని ఉంది, మీరు కళాకారిణి కాదు అన్నారు. యాప్ వాళ్ళు ప్యాకింగ్ సరిగ్గా లేదని రాసి ఫిర్యాదు మూసేశారు. ఒక రాత్రి వాయిస్తే నాకు మూడువేలు వస్తాయి, అందులో పదమూడు వందలు బండికే పోతాయి, మిగతాది కొన్నిచోట్ల మూడు నెలలకి గానీ చేతికి రాదు. ఆఫీసు దృష్టిలో నాది సరదా, పాలసీ దృష్టిలో వ్యాపారం, పన్ను కాగితంలో అసలు లేనే లేదు. ఈ ఊళ్ళో సగం పాట నడిపేది నాలాంటివాళ్ళే, పగలు ఉద్యోగం చేసి రాత్రి వాయించేవాళ్ళు. వయొలిన్ ఆకారంలో చౌడయ్య హాలు కట్టుకున్న ఊరు ఇది. వాయిద్యాల్ని అంత ప్రేమించిన ఊళ్ళో వాటిని మోసేవాళ్ళకి ఒక్క కాగితంలోనైనా చోటు ఉండాలని అడుగుతున్నాను.

మా ఆయన, అమ్మ, అత్తయ్య ఈ మూడు వారాలూ అన్నీ చూసుకున్నారు. వాళ్ళకి వేరే చెప్పాలా.

ఇవాళ బాస్ రాగానే అన్నకి ఫోన్ చేశాను. ఫోన్ దగ్గరగా పెట్టి కింది తీగ మీటాను. "ఏం వినపళ్ళేదమ్మా. వేలు తగిలిన చప్పుడు వచ్చింది, అంతే" అన్నాడు. అంత కిందిస్వరం ఫోన్ స్పీకర్ పలకదు, నాకు ముందే తోచాల్సింది. "శనివారం లోడుకు వస్తాండా. అప్పుడు ఇంటాలే" అన్నాడు.

అయ్యో, వీళ్ళని మర్చిపోయాను. తన ఎలక్ట్రిక్ బాస్ ఇచ్చి నా మూడు ప్రోగ్రాములు పోకుండా కాపాడిన తోటి వాద్యగాడు. కరెంటు లేని మెట్లమీద టార్చి పట్టిన కింది ఇంటి పాప. ఆ రాత్రి దిండ్లిచ్చిన పక్కింటి ఆంటీ, దిండ్లు రేపు తెచ్చిస్తాను. పెద్దాయన దగ్గర పనిచేసే కుర్రాడు, పెచ్చు రంగు కలిపింది తనేనట.

ఇంకొకరు. పోస్ట్ చేయబోతూ గుర్తొచ్చింది. బండి నడిపిన మేనల్లుడు! వెనక హారన్లు మోగుతున్నా, ఎవరెవరో తిడుతున్నా, గుంత కనిపించినప్పుడల్లా ఆపి, దిగి, నీళ్ళలో కాలు పెట్టి లోతు చూసుకుని, టిన్ ఫ్యాక్టరీ నుంచి మా ఇంటిదాకా ఫస్ట్ గేరు దాటకుండా నడిపాడు. నీకు థాంక్స్ కూడా చెప్పలేదు బాబూ. శనివారం నువ్వూ పైకి రా.